పాత కారు ఏసీ కంప్రెసర్ చప్పుడు చేస్తుంటే: విప్పకముందే కారణం కనిపెట్టే పద్ధతి

అంబాసిడర్, కాంటెస్సా, ప్రీమియర్ పద్మిని, తొలి తరం మారుతి 800 వంటి బండ్లను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ అపురూపంగా చూసుకుంటూ నడుపుతున్నవారు ఉన్నారు. అలాంటి బండిలో ఏసీ వేయగానే బానెట్ కింద నుంచి కీచుమనో, గరగరమనో, టకటకమనో చప్పుడు వస్తే షెడ్డులో ముందుగా వినిపించే మాట "కంప్రెసర్ పోయిందండీ" అన్నదే. నిజంగా పోయి ఉండవచ్చు. కానీ అదే చప్పుడు వదులైన బెల్టు వల్ల, అరిగిన పుల్లీ బేరింగు వల్ల, పగిలిన బ్రాకెట్ వల్ల, చివరికి దుమ్ము పట్టిన కండెన్సర్ (రేడియేటర్ ముందుండి గ్యాసు వేడిని బయటికి వదిలే జాలీ) వల్ల కూడా వస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్ని సరిచేయడానికీ కంప్రెసర్ గొట్టాలు విప్పనక్కరలేదు.

గొట్టాలు విప్పడం గురించి ఇంత పట్టుదలగా చెప్పడానికి రెండు కారణాలున్నాయి. పాత బండికి సరిగ్గా అమరే కంప్రెసర్ విశాఖపట్నం వెళ్లి వెతికినా వెంటనే దొరుకుతుందన్న భరోసా లేదు కాబట్టి, ఉన్నదాన్ని తొందరపడి దించి పాడుచేసుకోకూడదు. రెండోది మన వాతావరణం. కళింగపట్నం, భావనపాడు, బారువ తీరం వెంబడి వీచే గాలిలో తేమ ఎక్కువ. గ్యాసు మార్గాన్ని ఒకసారి తెరిస్తే ఆ తేమ గొట్టాల్లోకి, నూనెలోకి, తేమను పీల్చే డ్రైయర్ బాటిల్‌లోకి చేరుతుంది; అక్కడినుంచి దాన్ని పూర్తిగా బయటకు లాగడం చాలా ఓపికతో చేయవలసిన పని. అందుకే ముందు చెవితో, తరవాత చేతితో, ఆపైన మల్టీమీటరుతో, గేజీలతో పరీక్షించి, అవన్నీ అయ్యాక అవసరమైతేనే విప్పాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే నడుస్తుంది.

కంప్రెసర్ మీద ఏది ఎప్పుడు తిరుగుతుంది

ఈ ఒక్క విషయం స్పష్టంగా తెలిస్తే సగం నిర్ధారణ అయిపోయినట్లే. కంప్రెసర్ ముందు భాగంలో బెల్టు పట్టుకుని తిరిగే పుల్లీ ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ, ఏసీ వేసినా వేయకపోయినా, ఆ పుల్లీ తన బేరింగు మీద తిరుగుతూనే ఉంటుంది. పుల్లీకి ఎదురుగా, సన్నని ఖాళీతో, క్లచ్ ప్లేటు ఉంటుంది. అది కంప్రెసర్ షాఫ్టుకు బిగించి ఉంటుంది. పుల్లీ వెనకాల ఉన్న కాయిల్‌కు కరెంటు అందగానే అది అయస్కాంతమై ప్లేటును పుల్లీ మీదికి లాగుతుంది, అప్పుడే షాఫ్టు, లోపలి పిస్టన్లు తిరగడం మొదలవుతుంది. కాబట్టి ఏసీ ఆపి ఉన్నప్పుడు కూడా వచ్చే చప్పుడు కంప్రెసర్ లోపలి భాగాలది కాదు. ఏసీ వేసినప్పుడే వచ్చే చప్పుడు మాత్రం క్లచ్‌దీ కావచ్చు, లోపలి భాగాలదీ కావచ్చు, బరువు పడినప్పుడే బయటపడే బెల్టు, బ్రాకెట్ల లోపమూ కావచ్చు.

మీ బండిలో ఉన్నది ఏ రకం కంప్రెసరో కూడా చూసుకోండి. నిలువుగా నిలబడి, రెండు సిలిండర్లతో చిన్న ఇంజన్‌లా కనిపించే యార్క్ రకం అయితే కొంత అదురు దానికి సహజం. శాండెన్ 508 వంటి గుండ్రటి కంప్రెసర్‌లో అయిదు పిస్టన్లు షాఫ్టు చుట్టూ అమరి ఉంటాయి కనుక అది నునుపుగా నడవాలి; అందులో దడదడ వినిపిస్తే ఏదో లోపం ఉన్నట్లే లెక్క.

జాగ్రత్తలు, పనిముట్లు

ఇంజన్ నడుస్తుండగా చెవిని బెల్టుల దగ్గరకు తీసుకెళ్లే పని ఇది. కాబట్టి చొక్కా చేతులు మడుచుకోవాలి, కండువా, మెడలో గొలుసు, చేతి ఉంగరం తీసేయాలి. పంచె కట్టుకుని ఈ పనికి దిగవద్దు. గేజీలు తగిలించేటప్పుడు కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి. ద్రవరూపంలో ఉన్న గ్యాసు చర్మం మీద పడితే మంచు కాటు వేస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పాత బండ్ల ఏసీల్లో నింపిన ఆర్12 గ్యాసు మంటకు తగిలితే విషవాయువులు పుడతాయి కనుక దగ్గరలో వెల్డింగు గాని, వెలుగుతున్న బీడీ గాని ఉండకూడదు.

కావలసినవి ఎక్కువేమీ కాదు: పొడవాటి స్క్రూడ్రైవర్ లేదా మెకానిక్ స్టెతస్కోపు, టార్చిలైటు, పానాల సెట్టు, ఫీలర్ గేజి (సన్నని ఖాళీలను కొలిచే రేకుల కట్ట), మల్టీమీటరు, నిటారైన ఇనుప పట్టీ ఒకటి. ప్రెషర్ గేజీల సెట్టు, వాక్యూమ్ పంపు సొంతంగా లేకపోతే ఆ దశ వరకు మీరు చేసుకుని, అక్కడినుంచి ఏసీ పని తెలిసిన షెడ్డుకు వెళ్లవచ్చు. అక్కడ మీరు చెప్పగలిగిన వివరాలే మీ ఖర్చును తగ్గిస్తాయి.

మొదటి మెట్టు: చప్పుడును గుర్తుపట్టడం

బండిని నీడలో ఆపి, ఇంజన్ వేడెక్కనిచ్చి, బానెట్ ఎత్తండి. ఏసీ ఆపి వినండి. తరవాత ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి ఏసీ వేయించి వినండి, నెమ్మదిగా రేసు ఇప్పించి వినండి, తిరిగి ఆపించి వినండి. ప్రతిసారీ తేడాను కాగితం మీద రాసుకుంటే తరవాత గందరగోళం ఉండదు.

ఏసీ వేసిన క్షణంలో ఒక్కసారి కీచుమని ఆగిపోయే చప్పుడు దాదాపు ఎప్పుడూ బెల్టు జారడం వల్లనో క్లచ్ జారడం వల్లనో వస్తుంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ గర్రుమంటూ, రేసుతో పాటు పెరుగుతూ, ఏసీ వేసినప్పుడు కాస్త మారుతుందేగాని ఆగని చప్పుడు పుల్లీ బేరింగును చూపిస్తుంది. ఒకానొక వేగంలో మాత్రమే బొంగురుగా మోగి, ఆ వేగం దాటగానే తగ్గిపోయేది బ్రాకెట్ లేదా గొట్టం అదురు. ఏసీ వేసిన దగ్గరనుంచి ఇంజన్ వేగానికి తగ్గట్టు వినిపించే టకటక లోపలి భాగాల నుంచి వస్తుండవచ్చు, లేదా కంప్రెసర్‌లోకి ద్రవం చేరడం వల్ల, ఒత్తిడి మితిమీరడం వల్ల పుడుతుండవచ్చు.

ఏసీ ఆపాక డాష్‌బోర్డు వెనక నుంచి కొన్ని సెకన్లు బుస్సుమనే శబ్దం వస్తే కంగారు పడవద్దు. రెండు వైపుల ఒత్తిడి సమానమయ్యే వేళ, లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌లోకి గ్యాసును కొలతగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వులోంచి గ్యాసు జారే చప్పుడది. ఏసీ నడుస్తున్నప్పుడే ఆ బుస ఎక్కువగా, ఎడతెగకుండా వినిపిస్తూ చల్లదనం తగ్గితే గ్యాసు తక్కువగా ఉందేమోనని అనుమానించాలి. అలాగే క్లచ్ పట్టుకునేటప్పుడు చిటుక్కుమనడం మామూలే. అది కొద్ది సెకన్లకొకసారి పట్టి వదులుతూ చిటపటలాడితే గ్యాసు తగ్గి ప్రెషర్ స్విచ్ తెంపుతుండవచ్చు, లేదా థర్మోస్టాటు సరిగా పనిచేయకపోవచ్చు.

రెండో మెట్టు: బెల్టు తీసి వినడం

ఇది అన్నిటికంటే తేలికైన పరీక్ష, ఫలితం కూడా నిక్కచ్చిగా ఉంటుంది. ఇంజన్ ఆపి, కంప్రెసర్ బెల్టును వదులు చేసి తీసేయండి. తిరిగి ఇంజన్ వేసి వినండి. చప్పుడు అలాగే ఉంటే తప్పు కంప్రెసర్‌ది కాదు; వాటర్ పంపు, ఆల్టర్నేటర్, ఫ్యాను వైపు వెతకాలి. కొన్ని బండ్లలో ఒకే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంది. అలాంటి బండిని బెల్టు లేకుండా నిమిషానికి మించి నడపవద్దు, ఇంజన్ వేడెక్కిపోతుంది.

బెల్టు తీసి ఉన్నప్పుడే మరో రెండు పనులు ముగించండి. కంప్రెసర్ పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకు వెనక్కి, పక్కలకు కదిపి చూడండి. ఏమాత్రం ఆట కనిపించకూడదు. తరవాత పుల్లీని వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టి వినండి. మంచి బేరింగు నిశ్శబ్దంగా, మెత్తగా తిరిగి ఆగుతుంది. గ్రీజు ఎండిపోయిన బేరింగు ఇసుక నలిగినట్టు గరగరలాడుతుంది. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫానులోనో, ఆ తరవాతి వరదల్లోనో నీళ్లలో నిలిచిన బండిని మీరు కొనుక్కుని ఉంటే ఈ పరీక్షను మరింత శ్రద్ధగా చేయండి. నీరు చేరిన బేరింగు ఆరాక కొన్నాళ్లు మామూలుగానే తిరిగి, తరవాత మెల్లగా తుప్పు చప్పుడు మొదలుపెడుతుంది.

రెండోది, పుల్లీని వదిలి మధ్యలోని క్లచ్ ప్లేటును మాత్రమే చేత్తో పట్టుకుని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఇప్పుడు మీరు తిప్పుతున్నది కంప్రెసర్ షాఫ్టు. పిస్టన్లు గ్యాసును నొక్కుతుంటాయి కాబట్టి కొద్దిపాటి బిగువు, సమానమైన విడతలలో చేతికి తెలుస్తుంది. అలా తెలియడమే మంచిది. అందుకు భిన్నంగా ఒకచోట పట్టేసి, అది దాటాక వదులైపోతే, లేదా లోహం మీద లోహం గీరుకున్నట్టు చేతికి తగిలితే, లోపల అరుగుదల ఉంది. ఏ బిగువూ లేకుండా గాలిలో తిరిగినట్టు తిరిగితే గ్యాసు పూర్తిగా పోయి ఉండాలి, లేదా లోపలి వాల్వు రేకులు విరిగి ఉండాలి. అసలు కదలకపోతే కంప్రెసర్ పట్టేసినట్టే.

మూడో మెట్టు: బెల్టు, పుల్లీల వరస

తీసిన బెల్టును వెల్తురులో తిరగేసి చూడండి. లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే అది జారి జారి గట్టిపడిందని అర్థం, పగుళ్లుంటే మార్చండి. కొత్త బెల్టు వేశాక రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. కీచుమంటోందని బెల్టును మరీ బిగించడం చాలామంది చేసే పని. దానివల్ల చప్పుడు తాత్కాలికంగా ఆగినా పుల్లీ బేరింగు, వాటర్ పంపు బేరింగు త్వరగా పోతాయి.

ఏసీని తరవాత అమర్చుకున్న పాత అంబాసిడర్లు, పద్మినీలలో కంప్రెసర్ బ్రాకెట్ స్థానికంగా వెల్డింగు చేయించినదై ఉండవచ్చు. అలాంటప్పుడు పుల్లీల వరస తప్పకుండా చూడాలి. ఇనుప పట్టీని క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి కంప్రెసర్ పుల్లీ వరకు చాపితే రెండూ ఒకే వరసలో ఉన్నాయో లేదో కంటికే తెలుస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే బెల్టు ఒక అంచున రాసుకుంటూ సన్నగా కిచకిచలాడుతుంది. ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి బెల్టు మీద కొద్దిగా నీళ్లు చిలకరించి కూడా చూడవచ్చు: చప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తే వరస తప్పిందనీ, నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బిగువు చాలలేదనీ అనుకోవచ్చు.

నాలుగో మెట్టు: క్లచ్

చప్పుళ్లలో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతుంది కాబట్టి దీనికి తగినంత సమయం కేటాయించండి. ఇంజన్ ఆపి, ప్లేటుకూ పుల్లీకీ మధ్య ఖాళీలో ఫీలర్ గేజి దూర్చి కొలవండి. శాండెన్ రకం కంప్రెసర్లలో ఇది 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఒకేచోట కొలిచి వదిలేయకుండా చుట్టూ మూడు చోట్ల కొలవండి, ఒకవైపు 0.4, ఇంకోవైపు 1 వస్తే ప్లేటు వంకరపోయింది. ఖాళీ మరీ తక్కువైతే ఏసీ ఆపి ఉన్నా ప్లేటు పుల్లీకి తగులుతూ సన్నగా రాపిడి చప్పుడు చేస్తుంది. ఖాళీ ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు క్లచ్ పట్టుకుంటుంది, కాని వేడెక్కాక పట్టలేక జారుతూ కీచుమంటుంది. కాయిల్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి, కరెంటు తగ్గి, అయస్కాంత బలం సన్నగిల్లడమే దీనికి కారణం. శ్రీకాకుళంలో ఉదయం బయలుదేరినప్పుడు బాగున్న ఏసీ, పలాస చేరేసరికి ట్రాఫిక్‌లో కీచుమంటోందంటే మొదట ఈ ఖాళీని కొలవండి.

ఖాళీ సరిగ్గానే ఉంటే మల్టీమీటరు తీయండి. కాయిల్ వైరు ఊడదీసి నిరోధం కొలిస్తే 12 వోల్టుల కాయిల్‌కు మామూలుగా 3 నుంచి 4 ఓములు చూపాలి. తరవాత వైరు తగిలించి, ఇంజన్ నడుస్తూ ఏసీ వేసి ఉండగా కాయిల్ దగ్గర వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గర 13.5 ఉండి కాయిల్ దగ్గర 11 మాత్రమే వస్తుంటే, మధ్యలో ఎక్కడో వోల్టేజి పడిపోతోంది. పాత బండ్లలో క్లచ్ కరెంటు అంతా డాష్‌బోర్డు స్విచ్ గుండా, థర్మోస్టాటు గుండా ప్రయాణిస్తుంది; ఏళ్ల తరబడి ఉప్పుగాలికి ఆ కాంటాక్టులు, ఎర్త్ బోల్టు పచ్చబడతాయి. వాటిని గీకి శుభ్రం చేసి, క్లచ్‌కు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో, రిలే ద్వారా కరెంటు ఇస్తే జారుడు ఆగిపోయే అవకాశం బాగా ఉంది. ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న తొలినాటి అంబాసిడర్ అయితే ఐడిల్‌లో వోల్టేజి పడిపోవడం సహజం. అక్కడ తప్పు క్లచ్‌ది కాదు, డైనమోతో ఏసీ నడపాలనుకోవడమే సరైన ఏర్పాటు కాదు.

ప్లేటు ముఖం నీలిరంగుకు తిరిగి, మాడు వాసన వస్తుంటే అది చాలాకాలంగా జారుతోందని తెలుస్తుంది. వానాకాలమంతా ఏసీ వాడకపోతే రెండు ముఖాల మీదా పలచని తుప్పు పడుతుంది; మొదటిసారి వేసినప్పుడు వచ్చే కీచు చప్పుడు కొన్నిసార్లు పట్టి వదిలాక పోతుంది. పోకపోతేనే విప్పాలి.

ఇక్కడ ఒక శుభవార్త చెప్పాలి. ప్లేటు, పుల్లీ, బేరింగు, కాయిల్ ఇవన్నీ కంప్రెసర్ బయటి భాగాలు; వీటిని మార్చడానికి గ్యాసు వదలనక్కరలేదు. చోటు చాలకపోతే మౌంటింగు బోల్టులు విప్పి, గొట్టాలు తగిలించి ఉండగానే కంప్రెసర్‌ను కొంచెం పక్కకు వంచి పని కానివ్వవచ్చు. ప్లేటును మాత్రం పుల్లర్‌తోనే తీయాలి. షాఫ్టు మీద సుత్తితో కొట్టడం, ప్లేటు కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదోయడం వద్దు. ఆ దెబ్బలు లోపలి భాగాలకు, షాఫ్టు సీలుకు తగులుతాయి. ప్లేటు వెనకాల ఉండే పలచని షిమ్‌లు జారి పడకుండా చూసుకోండి, ఖాళీని సరిచేసేది అవే. బేరింగు నంబరు దాని అంచునే చెక్కి ఉంటుంది కాబట్టి ఆ నంబరు చూపిస్తే బేరింగుల దుకాణంలో అడగవచ్చు. కొత్త బేరింగును ప్రెస్సులో, బయటి రింగును నొక్కుతూ పుల్లీలోకి ఎక్కించాలి. లారీల పనికి పేరున్న సాలూరు వంటి ఊరిలోని లేతు షాపుకు ఇది రోజువారీ పనే.

అయిదో మెట్టు: బ్రాకెట్లు, గొట్టాలు

పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను బ్రాకెట్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి వినండి. బ్రాకెట్ మీద, కంప్రెసర్ ఒంటి మీద, ఆల్టర్నేటర్ మీద, వాటర్ పంపు మీద వరసగా ఆనిస్తూ పోతే చప్పుడు ఎక్కడ పుడుతోందో, ఎక్కడికి పాకుతోందో తేడా తెలుస్తుంది. తిరిగే భాగాలకు మాత్రం స్క్రూడ్రైవర్ తగలనివ్వకండి.

తరవాత ఇంజన్ ఆపి ప్రతి బోల్టునూ పానా పెట్టి చూడండి. వెల్డింగు చేసిన అతుకుల దగ్గర పెయింటు మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తే, దాని కింద పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. పగులును పైపైన అతికించి వదిలేస్తే కొద్దిరోజులకు పక్కనే మళ్లీ పగులుతుంది. ఆ చోట మందపాటి పట్టీతో బలం చేయించాలి. కంప్రెసర్ బోల్టు రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే, బోల్టును ఎంత బిగించినా అదురు ఆగదు. రంధ్రానికి బుష్ వేయించాలి.

గొట్టాల సంగతి చాలామంది మరిచిపోతారు. కంప్రెసర్ నుంచి వచ్చే గొట్టం ఎక్కడైనా బాడీకో, ఛాసిస్‌కో ఆనుకుని ఉంటే కంప్రెసర్‌లో సహజంగా ఉండే చిన్నపాటి అదురు కూడా ఆ లోహం గుండా కారు లోపలికి చేరి పెద్ద బొంగురు చప్పుడుగా వినిపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా, బెల్టుకు దూరంగా, చల్లటి లావు గొట్టాన్ని చేత్తో కొద్దిగా ఎత్తి పట్టుకోండి. చప్పుడు తగ్గితే అక్కడ రబ్బరు ముక్క పెట్టి క్లిప్పు బిగిస్తే సరిపోతుంది. సన్నటి గొట్టం కాలిపోయేంత వేడిగా ఉంటుంది కనుక దాన్ని ముట్టుకోవద్దు.

ఆరో మెట్టు: గేజీలు చెప్పేది

పైవన్నీ సరిగ్గా ఉండి, ఏసీ వేసినప్పుడే లోపలినుంచి టకటకో మూలుగో వస్తుంటే ఇప్పుడు గేజీలు తగిలించాలి. దానికి ముందు బండిలో ఉన్నది ఏ గ్యాసో తెలియాలి. ఓజోన్ పొరకు హాని చేసే వాయువులను ఆపాలని 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం వంటివి 2010 నాటికి ఆర్12ను మానవలసి వచ్చింది. కాబట్టి ఆర్12తో పుట్టిన బండ్లు చాలావరకు ఏదో ఒక సమయంలో దాని బదులు వచ్చిన ఆర్134ఏ గ్యాసుకు మారాయి. ఆ మార్పు సరిగా జరిగిందా లేదా అన్నదే పాత బండ్ల కంప్రెసర్ చప్పుడులో కీలకమైన ప్రశ్న.

ఆర్12 వ్యవస్థలో మినరల్ నూనె ఉంటుంది. ఆర్134ఏ ఆ నూనెను తనతో మోసుకుపోలేదు. ఏసీలో కంప్రెసర్‌కు నూనె అందేది గ్యాసుతో పాటు తిరిగి రావడం వల్లనే. కాబట్టి నూనె మార్చకుండా ఆర్134ఏ నింపేస్తే పాత నూనె కూలింగ్ కాయిల్ అడుగున నిలిచిపోయి, కంప్రెసర్ ఎండిపోయి చప్పుడు మొదలుపెడుతుంది. అప్పుడు కొత్త కంప్రెసర్ వేసినా అదే గతి పడుతుంది. పాత యజమానిని, గ్యాసు నింపినవారిని అడిగి తెలుసుకోండి. మార్పిడిలో పీఏజీ లేదా ఎస్టర్ అనే కృత్రిమ నూనె వేయాలి. పాత నూనె కొంత మిగిలి ఉన్నా సర్దుకుపోయేది ఎస్టర్ నూనె. గ్యాసు బరువు కూడా పాత ఆర్12 బరువులో సుమారు 80 నుంచి 85 శాతం దగ్గర మొదలుపెట్టాలి.

ఇంజన్ ఆపి కొన్ని గంటలైన తరవాత, రెండు గేజీలూ ఒకే అంకె చూపిస్తున్నప్పుడు మొదటి రీడింగు తీసుకోండి. గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలుంటే ఆర్134ఏ దాదాపు 97 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చూపాలి, 35 డిగ్రీలుంటే 114 చూపాలి. అంతకంటే బాగా తక్కువైతే లోపల ద్రవం మిగల్లేదు, కారిపోయింది. బాగా ఎక్కువైతే గాలి చేరింది, లేదా వేరే గ్యాసు కలిసింది. చౌకగా వస్తుందని వంటగ్యాసును నింపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది కారు లోపలికి కారితే నిప్పురవ్వ చాలు; అలాంటి బండిలో ఇంకేమీ పరీక్షించకుండా, తెలిసినవారి చేత ముందు దాన్ని సురక్షితంగా ఖాళీ చేయించండి.

తరవాత తలుపులు తెరిచి, బ్లోయర్ పూర్తిగా పెట్టి, ఇంజన్‌ను నిమిషానికి 1500 చుట్ల దగ్గర ఉంచి చూడండి. ఆర్134ఏ అయితే 35 డిగ్రీల ఎండలో తక్కువ వైపు (కంప్రెసర్‌లోకి గ్యాసు వచ్చే వైపు) 25 నుంచి 40, ఎక్కువ వైపు (కంప్రెసర్ నుంచి గ్యాసు వెళ్లే వైపు) 200 నుంచి 250 పీఎస్ఐ ఉండడం సుమారుగా సరైన లెక్క. రెండు వైపులా తక్కువగా ఉంటే గ్యాసు తక్కువ. గ్యాసుతోపాటు నూనె తిరగదు కాబట్టి చప్పుడు అందువల్లే కావచ్చు. కారుతున్న చోటు కనిపెట్టి ఆపాకే నింపాలి. రెండు వైపులా ఎక్కువగా ఉండి కంప్రెసర్ మూలుగుతుంటే గ్యాసు ఎక్కువైంది, లేదా కండెన్సర్ వేడిని వదలలేకపోతోంది.

ఈ రెండింటినీ విడదీయడానికి కండెన్సర్ మీద బకెట్ నీళ్లు నెమ్మదిగా పోయండి. ఎక్కువ వైపు ముల్లు వెంటనే దిగి, టకటక తగ్గితే కండెన్సర్ శుభ్రం కావాలి, లేదా ఫ్యాను బలహీనంగా ఉంది. మన తీరం వెంట సరుగుడు తోటల మధ్య తిరిగే బండ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం: సూదుల్లాంటి ఆ ఆకులు గ్రిల్‌లోంచి దూరి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చాపలా పేరుకుంటాయి. బయటినుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. టార్చి వెలుగును ఇంజన్ వైపు నుంచి వేసి, ముందునుంచి చూస్తే వెలుగు ఎక్కడ రావడం లేదో తెలుస్తుంది.

తక్కువ వైపు ఎక్కువగా, ఎక్కువ వైపు తక్కువగా ఉండి రెండు ముల్లులూ దగ్గరదగ్గరగా నిలిస్తే అది లోపలి వాల్వు రేకులు విరిగిన సూచన. దానికి టకటక కూడా తోడైతే ఇక సందేహం లేదు. తక్కువ వైపు ముల్లు సున్నా కిందికి వెళ్లిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర అడ్డు పడింది. ఆ అడ్డు కాసేపటికి వచ్చి, బండి ఆపి ఉంచాక పోతుంటే అది లోపలి తేమ మంచుగా గడ్డకట్టడం వల్లనే.

రాత్రంతా ఆపిన బండిలో ఉదయం ఏసీ వేయగానే కొన్ని క్షణాలు మాత్రం ఠక్‌ఠక్‌మని, తరవాత సర్దుకుంటే కంప్రెసర్‌లో చేరిన ద్రవం అందుకు కారణం కావచ్చు. ద్రవాన్ని నొక్కడం కంప్రెసర్‌కు చేతకాదు. వాల్వు రేకులు అలాగే విరుగుతాయి. గ్యాసు నింపేటప్పుడు డబ్బాను తలకిందులుగా పట్టుకుని తక్కువ వైపు నుంచి వదలడం కూడా ఇదే హాని చేస్తుంది. మీ కళ్ల ముందు ఎవరైనా అలా నింపుతుంటే ఆపమని చెప్పడానికి మొహమాటపడకండి.

విప్పవలసి వస్తే

చేతికి తగిలిన గీరుడు, గేజీల సాక్ష్యం, స్క్రూడ్రైవర్‌తో విన్న టకటక మూడూ ఒకే మాట చెబితేనే కంప్రెసర్ దించండి. గ్యాసును గాలిలోకి వదలకుండా యంత్రంతో లాగించండి. దించిన కంప్రెసర్ నూనెను తెల్లటి గిన్నెలో వంపి చూడండి. నూనె తేటగా ఉంటే లోపలి నష్టం పెద్దది కాకపోవచ్చు. నల్లగా ఉండి, వెల్తురులో వెండి పొడిలా మెరిసే రేణువులు కనిపిస్తే లోపలి అల్యూమినియం అరిగింది. ఆ పొడి గొట్టాలన్నిటా చేరి ఉంటుంది. అప్పుడు గొట్టాలను, కూలింగ్ కాయిల్‌ను, పాతకాలపు గొట్టపు కండెన్సర్‌ను ద్రావకంతో కడిగించాలి, ఎక్స్‌పాన్షన్ వాల్వు కొత్తది వేయాలి. డ్రైయర్ బాటిల్‌ను మాత్రం గ్యాసు మార్గం తెరిచిన ప్రతిసారీ మార్చవలసిందే, అది బాగున్నా సరే. ఇవి చేయకుండా కొత్త కంప్రెసర్ బిగించడం డబ్బును నీళ్లలో పోయడమే.

లీకు పరీక్షకు నైట్రోజన్ మాత్రమే వాడించండి. ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే లోపలి నూనెతో కలిసి పేలే ప్రమాదం ఉంది. వాక్యూమ్ పంపును కనీసం 45 నిమిషాలు, వానాకాలమైతే ఇంకా ఎక్కువసేపు నడపాలి. ఆపాక మరో అరగంట ముల్లు కదలకుండా నిలవాలి.

బండి తిరిగి చేతికి వచ్చాక ఇంజన్‌ను నిదానంగా నడుపుతూ కొత్త క్లచ్‌ను ఇరవై ముప్పైసార్లు వేసి ఆపండి, ముఖాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి. ఇచ్ఛాపురం దాకానో, సాలూరు దాకానో ఒకసారి వెళ్లి వచ్చిన తరవాత, ఇంజన్ చల్లారాక, క్లచ్ ఖాళీని మళ్లీ కొలిచి, కొత్త బెల్టు సాగిందేమో నొక్కి చూసి, బ్రాకెట్ బోల్టులన్నిటినీ ఇంకోసారి పానా పెట్టి సరిచూడండి. ఆపైన చలికాలంలో కూడా వారానికొకసారి పది నిమిషాలు ఏసీ వేస్తే షాఫ్టు సీలుకు నూనె అందుతూ ఉంటుంది.